మంట చుట్టూ మబ్బు

గుండెకు స్టెంట్ వేసిన తర్వాత డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు, బరువులు ఎత్తవద్దన్నాడు, కోపం మానుకోమన్నాడు. మొదటి రెండూ మా అమ్మాయి చూసుకుంది. మూడోదాని కోసం కర్నూలులో మా ఇంటికి దగ్గరలోనే ఉన్న ఒక యోగా క్లాసులో నన్ను చేర్పించింది. ఏసీ గది. ఒక గోడకు నిలువెత్తు అద్దం. ఇంకో గోడ మీద పద్మాసనం వేసుకున్న మనిషి బొమ్మ, వాడి వెన్ను పొడుగునా ఏడు రంగుల్లో ఏడు చక్రాలు. ఇంద్రధనుస్సును తెచ్చి నిలువునా నిలబెట్టినట్టుంది. నేర్పే పిల్ల మా అమ్మాయి కంటే చిన్నది, మర్యాదస్తురాలు. రెండో రోజే నా ముందు కూర్చుని, "అంకుల్, మీ అనాహత చక్రం బ్లాక్ అయిపోయింది. గుండె దగ్గర ఆకుపచ్చ రంగు ఊహించుకోండి. ఎవరినైనా క్షమించాల్సి ఉంటే క్షమించేయండి, ఫ్రీ అయిపోతుంది" అంది. నేను క్షమించవలసినవాళ్లు ఎవరూ లేరమ్మా అన్నాను. అందరూ మొదట అలాగే అంటారని నవ్వింది. తర్వాత అందరినీ బొడ్డు మీద చెయ్యి పెట్టుకోమంది. "ఇది మణిపూరకం. పసుపు రంగు. ధైర్యం ఇక్కడే ఉంటుంది. ఊపిరి తీసుకుని ఇక్కడ నిలపండి. నిలిపితే ఏ భయమూ ఉండదు."

గదిలో అందరూ ఊపిరి నిలిపారు. నాకు ఒళ్లంతా చెమట పట్టింది. లేచి, చెప్పులు చేత్తో పట్టుకునే బయటికి వచ్చేశాను. గుండె నొప్పేమోనని ఆ పిల్ల పాపం లిఫ్టు దాకా పరుగెత్తుకొచ్చింది. నొప్పి కాదు. దాదాపు అవే మాటలు నేను వయసులో ఉన్నప్పుడు ఒక మనిషికి చెప్పాను. ఆ మనిషి నేను చెప్పినట్టే ఊపిరి నిలిపి, వెళ్లి ఇంకో మనిషిని చంపాడు. చచ్చిపోయినవాడి కొడుకు సుంకన్న ఇంకా బతికే ఉన్నాడు. ఆ సంగతి అతనికి చెప్పవలసిన బాకీ ఇన్నేళ్లుగా నా మీద ఉంది. అతనికి చెప్పకుండానే నేను పోతానేమోనన్న భయం ఆపరేషన్ బల్ల మీద కలిగింది, లిఫ్టులో మళ్లీ కలిగింది.

మా ఊరు కోడుమూరుకు ఆటోలో పోయేంత దూరం. పేరు రాయను. ఆ రోజుల్లో చుట్టుపక్కల చాలా ఊళ్లు అట్లాగే ఉండేవి, ఏ పేరు రాసినా సరిపోతుంది. ఊళ్లో రెండు పార్టీలు. పొలానికి పోతే గుంపుగా పోవాలి, బహిర్భూమికి పోయినా వెంట ఒకడుండాలి. మా ఇంటి తలవాకిలి నడుం వంచితే గానీ లోపలికి రాలేనంత పొట్టిగా ఉండేది. వంగి వచ్చేవాడి మెడ ముందుగా లోపలికి వస్తుంది గనక అట్లా కట్టారు. మిద్దె మీద ఒక పక్క మిరపకాయలు ఎండేవి, ఇంకో పక్క రాళ్ల కుప్ప ఉండేది. మిరపకాయలు ఎప్పుడు ఎత్తాలో, రాళ్లు ఎప్పుడు ఎత్తాలో మా ఇంట్లో ఆడవాళ్లకు బాగా తెలుసు. మా నాయన నా పసితనంలోనే జబ్బుచేసి పోయాడు. నన్ను పెంచింది మా పెద్దనాయన. డిగ్రీ తప్పి నేను కర్నూలు నుంచి ఇంటికి వచ్చి పడింది ఆయన దగ్గరికే.

పెద్దనాయన వయసులో ఉన్నప్పుడు కొడవలి పట్టినవాడే. ఎడమ భుజం మీద గాటు ఉండేది, నా బొటనవేలు అందులో పడుకునేది. చలికాలం అది సలుపు పెడితే ఆముదం వెచ్చచేసి నేనే రుద్దేవాడిని. ఆ ఆముదం వాసన, ఆయన కాల్చిన బీడీల వాసన, తడిసి ఆరిన గొంగడి వాసన కలిసి ఆయన వాసన. ఒకసారి ఒంటిమిట్ట తిరునాళ్లకు పోయి అక్కడ ఎవరో బైరాగి వెంట కడప దిక్కు వెళ్లిపోయి, చాలా కాలానికి తిరిగి వచ్చాడట. వచ్చాక కొడవలిని గడ్డి కోయడానికి తప్ప పట్టలేదు. తెల్లవారుజామున గొంగడి పరుచుకుని గోడకు ఎదురుగా కూర్చునేవాడు. బయట పెద్దమ్మ రొట్టెలు తట్టే చప్పుడు, లోపల ఆయన ఊపిరి చప్పుడు. లేచాక జొన్నరొట్టె, ఊరిబిండి తిని, ఎద్దులకు నీళ్లు పెట్టి, అప్పుడు మాట్లాడేవాడు. అంతవరకూ పలకరించినా పలికేవాడు కాదు.

ఊళ్లో పని లేక, ప్రాణభయంతో ఇల్లు కదలలేక, నేనూ ఆయన పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను. ఆయన చెప్పే చక్రాలకు ఇంద్రధనుస్సుతో సంబంధం లేదు. ఒక్కో తావుకు ఇన్ని రేకులు, ఒక్కో రేకుకు ఒక అక్షరం, ఒక్కో చోట ఒక భూతం. అడుగున మట్టి, దానిపైన నీరు, బొడ్డు దగ్గర నిప్పు. వేలితో నా పొట్ట మీద పొడిచి చెప్పేవాడు.

"ఈడ మూడు మూలల మంట ఉంటాది. దాని సుట్టూ పది రేకులు. వానమబ్బు రంగు."

"మంట అంటే తెలుస్తాండాది. మబ్బు ఏంటికి పెద్దనాయినా?"

"మబ్బు లేకుంటే కొంప కాల్తాది, ఇంకేంటికి? ఊపిరి నిలిపేది మంట. మెల్లగా ఇడిసేది మబ్బు. నిలిపిన దానికంటే ఇడిసేది శానాసేపు పట్టల్ల. ఇడిసేది నేర్సుకోనోనికి నిలిపేది సెప్పగూడదు."

గుండె దగ్గరి నాలుగో చక్రం ఎప్పుడు చెప్తావని అడిగేవాణ్ణి. దానికి ముందు ఒక పని ఉందనేవాడు. ఎవరితో పగ ఉందో వాళ్ల ఇంటికి పోయి, తాగడానికి నీళ్లడగాలి. ఇస్తే తాగాలి. అది ఆయనకు ఆయన గురువు పెట్టిన షరతు.

"ఇసం కలిపిస్తే?" అన్నాను.

"అందుకే శానామంది బొడ్డుకాడనే నిలబడిపోయినారు" అని నవ్వాడు.

నేను అడగదలచుకోలేదు. మా పార్టీకి ఎదురుపార్టీలో మాదన్న ఇల్లు ముఖ్యమైనది. అతని కొడుకు సుంకన్నా నేనూ ఒకే బెంచీలో చదువుకున్నాం. అయినా ఆ ఇంటి గడప తొక్కి నీళ్లడగడమా? నిప్పు దాకా వచ్చింది చాలనుకున్నాను. నాకు అది గొప్పగానే ఉండేది. మనసు చెదరకుండా ఉండేది, చెయ్యి నిలకడగా ఉండేది.

పెద్దనాయన కొడుకు ఓబులేసు నాకంటే పెద్దవాడు. ఎద్దు కొమ్ములు పట్టుకుని వంచేంత బలం. కానీ గొడవ దగ్గరికి వచ్చేసరికి చేతులు వణికేవి. ఒకసారి మొదటి వరసలో నిలబెడితే చేతిలోని బాంబు కాళ్ల దగ్గరే జారవిడిచాడు. అది పేలలేదు గనక బతికారు. ఆ తర్వాత రెండు పార్టీల వాళ్లూ ఎగతాళి చేసేవాళ్లు. రచ్చకట్ట మీద టీ గ్లాసు పట్టుకున్నా, "పైలం ఓబులేసూ, తొణుకుతాది" అనేవాళ్లు. మొగవాళ్ల నవ్వు కంటే బావి దగ్గర ఆడవాళ్ల నవ్వు అతన్ని ఎక్కువగా కోసేది. తండ్రిని అడిగితే, కత్తి గడ్డివాములో పారేసి రా, చెప్తానన్నాడు. అందుకని నా దగ్గరికి వచ్చాడు.

"ఒరే రాఘవా, నాయిన నీకేమో సెప్తాండాడంట గదా. వణుకు పోయేది. అది నాకూ సెప్పురా."

"ఓపిక ఉండల్లన్నా దానికి."

"ఉంటాదిలేరా. ఊరంతా నన్ను జూసి నవ్వుతాంటే ఓర్సుకుండేది ఓపిక గాదా?"

కొట్టం వెనక చెప్పాను. ఎవరో నన్ను గురువును చేసి ముందు కూర్చోవడం అదే మొదలు. బొడ్డు దగ్గర మంటను తలుచుకో, ఊపిరి అక్కడ నిలుపు, భయం అందులో పడి కాలిపోతుంది అన్నాను. విడిచేది చెప్పబోతే, "అది ముసిలోళ్ల పని గానీ, నిలిపేది ఇంకోసారి సెప్పు" అన్నాడు. సరేనన్నాను. మంట చెప్పి మబ్బు చెప్పకుండా వదిలేశాను. మరచిపోయి కాదు. విడవడం అనేది నాకే అంత ముఖ్యంగా కనపడలేదు. కొన్నాళ్లకు టీ గ్లాసు నిండా పోసినా అతని చేతిలో తొణికేది కాదు. అది ఎందుకోసమని నేను అడగలేదు. అడగవలసిన అవసరం లేదు గనక అడగలేదు.

వేరుశనగ కళ్లాల మీద ఉన్న రోజులు. పట్టపగలు. నేను మిద్దె మీద ఉన్నాను. మాదన్న కళ్లంలో కాయ రాసి చేస్తున్నాడు, సుంకన్న గోతాలు పడుతున్నాడు. మావాళ్లు గట్టు చాటు నుంచి లేచారు. అందరికంటే ముందు ఓబులేసు. అంత దూరం నుంచి కూడా నాకు ఒకటి స్పష్టంగా కనిపించింది. కళ్లంలోని మిగతావాళ్లు చెల్లాచెదురుగా పరుగెత్తారు గానీ మాదన్న కదలలేదు. చేట చేత్తో పట్టుకుని అట్లాగే నిలబడి చూశాడు. తర్వాత బాంబు పొగ, ఆ తర్వాత చప్పుడు. సుంకన్న తండ్రి మీద పడ్డాడు. రెండోసారి పొగ లేచింది. పొగ తగ్గాక చూస్తే కాయరాసి ఎర్రగా తడిసి ఉంది. మాదన్నకు ముఖం లేదు. సుంకన్న కుడిచెయ్యి మోచేతి నుంచి కిందికి లేదు. అతను దాన్ని ఎడమచేత్తో వెతుకుతున్నాడు. ఆడవాళ్ల అరుపులకు చెట్ల మీద పిట్టలన్నీ లేచాయి.

ఓబులేసు ఇంటికి వచ్చేసరికి తలనిండా వేరుశనగ దుమ్ము. నన్ను చూసి అరచెయ్యి ముందుకు చాపాడు. "వణకలేదురా! సూడు!" ఆ నిమిషంలో నాకు కలిగింది భయం కాదు, జాలి కాదు. గర్వం. నేను చెప్పింది పనిచేసిందన్న గర్వం. అది ఎంతసేపు ఉందో నాకు తెలీదు. ఉంది అన్నది మాత్రం నిజం. ఆ తర్వాత వచ్చిన ఏడుపును అడ్డం పెట్టుకుని దాన్ని నేను దాచలేను.

మాదన్న పార్టీవాళ్లు ఊరుకోలేదు. ఓబులేసు ఎద్దులు అమ్మడానికి నందికొట్కూరు సంతకు పోయి వస్తుంటే బస్సు ఆపి దింపారు. మావాళ్లు శవాన్ని ట్రాక్టరు ట్రాలీలో తెచ్చారు. బొడ్డు కొడవలితో అడ్డంగా చీల్చి ఉంది. పెద్దనాయన ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తనే నీళ్లు పోసి కడిగి, పేగులు రెండు చేతులతో లోపలికి ఎత్తి, తన పంచె విప్పి చుట్టూ బిగించి కట్టాడు. చెంబు అందిస్తూ నేను పక్కనే ఉన్నాను. మణిపూరకం అన్న తావు తెరుచుకుని నా కళ్ల ముందుంది. పది రేకులు లేవు, అక్షరాలు లేవు, మంట లేదు. పొద్దున తిన్న రొట్టె సగం అరిగి ఉంది.

కట్టడం అయ్యాక పెద్దనాయన తలెత్తకుండా అడిగాడు. "ఇన్నాళ్లూ నిద్దర్లో వీని ఊపిరి నిలబడ్తాండె. మల్ల దడుసుకున్నట్టు లేస్తాండె. ఇది వీనికెవురు సెప్పినారప్పా?"

"నాకు తెల్దు పెద్దనాయినా" అన్నాను.

దినాలు అయ్యాక భుజానికి ఆముదం రుద్దుతూ నేనే ఎత్తాను. లోపల ఏమీ లేదు గదా, మరి ఇన్నాళ్లూ నువ్వు చెప్పింది ఏమిటి అని. ఆయనకు కోపం రాలేదు. "కోసి తీసేదానికి అదేమన్నా గుండెకాయా? ఆడ ఉండేది గాదప్పా అది, మనం పెట్టుకునేది. ఏం పెట్టుకుంటే అది ఉంటాది. వాని కడుపులో ఎవురో మంట ఒక్కటే పెట్టిపోయినారు" అన్నాడు. నా చెయ్యి ఆయన గాటు మీదే ఆగిపోయింది. ఆయనకు తెలుసు. తెలిసి, నా నోటితో వస్తుందని ఎదురుచూశాడు. రాలేదు.

ఆ వారంలోనే నన్ను వెంట రమ్మన్నాడు. మాదన్న ఇంటికి, నీళ్లడగడానికి. వాళ్ల వీధి మలుపు దాకా వెళ్లి నేను ఆగిపోయాను. గోడవార నిలబడి చూశాను. మాదన్న పెండ్లాం ఈరమ్మ బయటికి వచ్చింది. "తల్లీ, దాహమైతాండాది, రోన్ని నీళ్లియ్యి" అన్నాడు పెద్దనాయన. ఆమె ఇత్తడి చెంబు తెచ్చి, చెంబుతోనే ముఖం మీద కొట్టింది. కనుబొమ చీలి నెత్తురు గడ్డం దాకా కారింది. ఆయన తుడుచుకోలేదు. "మల్లొస్తా తల్లీ" అని తిరిగి వచ్చాడు. మళ్లీ పోయాడు, మళ్లీ దెబ్బలు తిని వచ్చాడు. ఎన్నోసారికో ఆమె నీళ్లిచ్చిందని విన్నాను. ఆ తర్వాత ఆ రెండు ఇళ్ల మధ్య ఇంకో పీనుగ లేవలేదు. ఊరు మాత్రం నవ్వింది. కొడుకును నరికినోళ్ల ఇంట్లో నీళ్లు తాగొచ్చిన సిగ్గులేని ముసలివాడని రచ్చకట్ట మీద అనేవాళ్లు. నిజం చెప్తున్నాను, నేనూ సిగ్గుపడ్డాను. తప్పిన డిగ్రీ మళ్లీ రాసి గట్టెక్కి, బి.ఇడి. సీటు రాగానే ఊరు వదిలాను.

తర్వాత బడిపంతులుగా బతికినంత కాలం చక్రాల మీద దొరికిన పుస్తకమల్లా చదివాను. ఒక గ్రంథం ఆరంటుంది, ఒకటి తొమ్మిదంటుంది. నరాల ముడులతో, ఒంట్లోని గ్రంథులతో వాటిని జోడించి చెప్పడం ఈ మధ్య కాలపు సంగతి. ఏడు రంగుల వరస ఇంకా కొత్తది, అదీ ఈ దేశంలో పుట్టింది కాదట. పాత వర్ణనల్లో గుండె దగ్గరిది ఎరుపు, ఆకుపచ్చ కాదు. అవి ఒంట్లో వెతకవలసినవి కావని, ధ్యానంతో ఒంటి మీద ఉంచుకోవలసినవని పండితులు రాసింది చదివినప్పుడు ఆముదం వాసన ముక్కుకు తగిలింది. ఈ కాలాన్ని వెక్కిరించడానికి ఇది రాయడం లేదు. ఆ యోగా క్లాసులో ఎవరూ ఎవరినీ చంపడానికి ఊపిరి నిలపడం లేదు. నిద్ర పట్టక వచ్చినవాళ్లు, బీపీ వచ్చినవాళ్లు. మా ఊళ్లో ఇప్పుడు తలవాకిళ్లు ఎత్తుగా కడుతున్నారు, మిద్దెల మీద రాళ్లకు బదులు నీళ్ల ట్యాంకులున్నాయి. ఈ కాలమే మేలు. కానీ క్షమించేయండి, ఫ్రీ అయిపోతుంది అన్న మాట దగ్గర మాత్రం నాకు మింగుడు పడదు. మా కాలంలో నాలుగో చక్రానికి ఎదుటివాడి గడప ఎక్కాలి. ఎక్కనివాడికి అది లేదు. నాకు లేదు.

యోగా క్లాసు నుంచి వచ్చేసిన మర్నాడు కోడుమూరు బస్సెక్కాను. సుంకన్న ఇంటి ముందు వేపచెట్టు కింద మంచం మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా కుడిచెయ్యి మడిచి పిన్నీసు పెట్టుకున్నాడు. కళ్లు చికిలించి చూసి గుర్తుపట్టాడు.

"ఓహో, అయివారా! దోవ తప్పినావా ఏంది?"

"లేదప్పా. నీ కాడికే వచ్చినా. రోన్ని నీళ్లియ్యి."

"బస్టాండ్లో బాటిలు కొనుక్కోకపోతివా? అంత పింఛను తీసుకుంటావు, దుడ్లు లేవా?" అని నవ్వి, లోపలికి చూసి పెండ్లాన్ని కేకేశాడు. ఆమె చెంబు తెచ్చి మంచం పక్కన పెట్టింది. చెయ్యి చాపబోయి ఆగాను. తాగిన తర్వాత చెప్తే మోసం అవుతుంది. ముందే చెప్పాను. కొట్టం వెనక కూర్చోవడం, మంట చెప్పడం, మబ్బు వదిలేయడం, ఓబులేసు చాపిన అరచెయ్యి, నా గర్వం. ఏదీ దాచలేదు. చెప్పడం అయిపోయాక అతను రోడ్డు మీద పోయే మేకలను చూశాడు.

"మా నాయిన ఏంటికి పరిగెత్తలేదో నీకు తెల్సునా?" అన్నాడు.

తెలీదన్నాను.

"గోతం ఇడిసిపెట్టి నేను అరిసినా, నాయినా ఉరుకు, ఉరుకు అని. మా నాయిన నవ్వినాడు. ఓబులేసురా వాడు, వాని సెయ్యి వణుకుతాది, యేసేదానికి గాదు అన్న్యాడు. ఆ నవ్వు మొగంతోనే సచ్చె. ఓబులేసు సెయ్యి ఆ పొద్దు ఏంటికి వణకలేదో అని ఇన్నేండ్లు నేను ఆలోసన సేస్తానే ఉండా. సారాయి తాగినాడేమో అనుకుంటి. దేవునికి మొక్కినాడేమో అనుకుంటి."

సుంకన్న మంచం మీద నా వైపు తిరిగాడు.

"ఏందో సూపించు."

"ఏమప్పా?"

"వానికి సూపించినావు గదా. ఊపిరి ఎట్ల నిలిపేదో. నాకూ సూపించు. సూడల్ల నేను."

వద్దనే హక్కు నాకు లేదు. మంచం పట్టె మీద నిటారుగా కూర్చున్నాను. బొడ్డు మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి తీసి నిలిపాను. సుంకన్న ముందుకు వంగి, నా పొట్టను, నా ముఖాన్ని, మళ్లీ పొట్టను చూశాడు. వాళ్ల ఆవిడ గడపలో నిలబడిపోయింది. నా ఊపిరి నిలవలేదు. గుండె అదిరి, దగ్గు తెరలు తెరలుగా వచ్చి, కళ్ల వెంట నీళ్లు కారాయి. దగ్గు తగ్గేదాకా అతను కదలలేదు.

"ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే."

"ఇంత దానికా మా నాయిన పాయ!"

ఆవిడ వచ్చి చెంబు నా ముందుకు జరిపింది. సుంకన్న వద్దనలేదు, తాగమనీ అనలేదు. అతని చూపు నా పొట్ట దగ్గరే ఉంది, ఇంకా ఏదో కనపడుతుందేమోనని వెతుకుతున్నట్టు. నాకు దాహంగానే ఉంది. చెంబు ముట్టుకోలేదు. అతను చూడవలసింది చూడడం అయ్యేదాకా అట్లాగే నిటారుగా కూర్చున్నాను.